పది దినాలని చెప్పి

మా చిన్నబిడ్డను రాయదుర్గంలో మా అక్క ఇంట్లో వదిలిపెట్టి వచ్చింది నేను. వాళ్లమ్మ కాదు.

మా బంధువుల్లో ఇప్పటికీ ఈ సంగతిని ఇంకో రకంగా చెప్పుకుంటారు. కరువులో ఇద్దరు పిల్లల్ని సాకలేక తల్లే చిన్నదాన్ని ఆడబిడ్డ చేతిలో పెట్టిందని, కన్నదానికి అంత రాయిగుండె ఎట్లా వచ్చిందో అని. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చున్నప్పుడు ఆ మాట నా చెవిన పడేది. నేను తలెత్తకుండా అన్నం కలుపుకునేవాణ్ణి. పదేళ్లకు పైగా అట్లాగే కలుపుకున్నాను. అసలు అబద్ధాలు రెండూ మొదట్లోనే చెప్పేసి ఉన్నాను. మా అక్కతో, "వాళ్లమ్మ ఒప్పుకున్యాది" అని ఒకటి. నా భార్యతో, "పది దినాలుండి వస్తాది" అని ఒకటి. ఆ తర్వాత కొత్తగా అబద్ధం ఆడాల్సిన పని పడలేదు. నోరు మూసుకుంటే సరిపోయింది.

మాది శింగనమల దిక్కున ఒక ఊరు. పద్నాలుగెకరాల చేను, అంతా వాన మీదే. తొంభైలు అయిపోవస్తున్న ఆ రోజుల్లో వరసగా మూడేళ్లు శెనక్కాయ పోయింది. విత్తనం వేసేదాకా వాన ఆశ పెట్టేది, ఊడలు దిగి కాయ పట్టే సమయానికి ఎగ్గొట్టేది. ఊరి నిండా మాకంటే ఇబ్బంది పడినవాళ్లున్నారు. మేము తిండికి లేక బిడ్డను ఇచ్చామని ఎవరైనా అంటే అది నిజం కాదు. జొన్నలు, రాగులు ఇంట్లో ఉన్నాయి. ఆ సాకు నాకు తర్వాత దొరికింది.

అసలు కారణం మా అక్క. నాకంటే ఐదేళ్లు పెద్దది. పెళ్లయి పదేళ్లయినా ఆమె కడుపు పండలేదు. మా బావ రాయదుర్గంలో ఇంటి ముందరి గదుల్లో ఆరు మిషన్లు పెట్టి జీన్సు ప్యాంట్లు కుట్టించేవాడు. పిల్లలు లేని ఇంట్లో ఒక బిడ్డ తిరిగితే ఆ అడుగుల వెంటే ఇంకో బిడ్డ వస్తుందని మా దిక్కు ఒక నమ్మకం. అందుకని తోడబుట్టినవాళ్ల బిడ్డను తెచ్చుకుని పెంచుకుంటారు. మగపిల్లవాణ్ణి ఎవరూ ఇవ్వరు. నాకు కొడుకు ఆరేళ్లవాడు, కూతురు నాలుగేళ్లది. అక్క ఒకరోజు మా ఇంటికి వచ్చి, నేను గొడ్లకు నీళ్లు పెడుతుంటే దగ్గరకొచ్చి నిలబడింది.

"తమ్ముడూ, చిన్నదాన్ని నాకియ్యిరా. బంగారు మాదిరి సూసుకుంటా."

"దాన్ని అడగల్ల కదక్కా," అన్నాను, మా ఇంటిదాన్ని ఉద్దేశించి.

"అడుగు మరి. నేనేమన్నా ఎత్తకపోతానంటినా?"

నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు. వారం తర్వాత రాయదుర్గం ఫోను చేసి, ఒప్పుకుందని చెప్పాను.

నాలుగేళ్ల బిడ్డను ఎట్లా వదలాలి అనే దాంట్లో నాకు పెద్ద సందేహం కలగలేదు. అది చెప్పుకోవడానికి ఈ రోజు సిగ్గుగా ఉంది గాని, మేము గొడ్లతో బతికినవాళ్లం. పాలు మాన్పించి దూడను ఇంకో ఊరికి ఇచ్చేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ఆవు మేతకు పోయి ఉన్నప్పుడు తోలుకుపోతారు. వెనక్కి తిరిగి చూడనివ్వరు. తర్వాత నెలా రెండు నెలలు ఆవుగలవాళ్లు ఆ వీధి తొక్కరు, వాసన పసిగడితే దూడ మళ్లీ మేత మానేస్తుందని. మా బావ ఫోనులో అదే అన్నాడు.

"మూడు దినాలు అరుస్తాదిలేప్పా. నాలుగో దినం తనే మేత ముడతాది. నువ్వు మాత్రం ఒక ఏడాది ఈ దిక్కు రావద్దు. మీ ఇంటిదాన్నీ రానీయద్దు."

నాకు అది తెలివైన మాటగా తోచింది.

ఎండాకాలం. బిడ్డను అక్క ఊరికి తీసుకుపోతున్నానని మాత్రమే ఇంట్లో చెప్పాను. బిడ్డకు అనంతపురం బస్టాండు దగ్గర ఎర్ర పట్టీల చెప్పులు కొనిచ్చాను. కళ్యాణదుర్గం మీదుగా పోయే బస్సు ఎక్కాం. దారి పొడుగునా ప్రతి ఊరి పేరూ అడిగింది. ఏ ఊరు వచ్చినా, "ఇదేనా అత్త ఊరు?" అనేది. అక్క ఇంట్లో అన్నం తిని, మిషన్ల గదిలో కత్తిరించి కుప్పగా వేసిన నీలం గుడ్డల మీద ఆడుకుంటూ ఆడుకుంటూ అక్కడే నిద్రపోయింది. ఆరు మిషన్లు చెవులు పగిలేటట్టు ఆడుతున్నాయి. మా అక్క ఆ పిల్ల కాళ్ల నుంచి చెప్పులు మెల్లగా తీసి, నా వైపు చూసి, "ఇప్పుడు పోరా. లేస్తే నిన్ను వదలదు," అంది.

బస్టాండు అక్కడికి రెండు వీధులు. బస్సు అక్కడే ఉంది గాని డ్రైవరు అన్నానికి పోయాడు. నేను టీ అంగడి దగ్గర నిలబడ్డాను. టేపురికార్డరులో పాట మధ్యలో ఆగిపోయింది. కరెంటు పోయింది. కొద్దిసేపటికి వీధి మలుపులో నా బిడ్డ కనిపించింది. చెప్పుల్లేవు. తారు రోడ్డు కాలుతుంటే ఒక కాలు ఎత్తి, ఇంకో కాలు ఎత్తి నిలబడింది. ఏడవడం లేదు. చేలో పని చేసుకుంటుంటే అన్నానికి రమ్మని పిలిచినట్టు, "నాయనా! ఓ నాయనా!" అని పిలిచింది. ఒకసారి ఆ పక్కకు తిరిగి, ఒకసారి ఈ పక్కకు తిరిగి.

నేను బస్సు వెనక్కి జరిగాను.

మిషను కుట్టే మనిషి ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి ఆమెను ఎత్తుకుని పోయాడు. అప్పుడు అరిచింది. నేను బస్సు ఎక్కి అవతలి పక్క కిటికీ దగ్గర కూర్చున్నాను. ఈ ఒక్క సంగతి నేను చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. మా అక్కకు తెలియదు. అప్పట్లో నా భార్యకూ తెలియదు.

ఇంటికి వచ్చేసరికి ఆమె వాకిట్లో ఉంది. నా వెనక చూసింది.

"పాప యాడ?"

"అక్క ఉండమన్యాది. పది దినాలుండి వస్తాదిలే."

"గౌన్లు రెండే తీసుకుపోతివి కదా?"

"ఆడ కుట్టిస్తారులే."

పది దినాలూ ఆమె లెక్కపెట్టుకుంది. పదకొండో దినం ఇద్దరికీ సద్ది కట్టుకుని నేను బయలుదేరుతానని చూసింది. బిడ్డను అక్కకు ఇచ్చేశానని అప్పుడు చెప్పాను.  ఆమె ఆ మూట విప్పి, రొట్టెలు తీసి, కుక్కకు వేసింది. తర్వాత ఒక్కతే రాయదుర్గం పోవాలని రెండుసార్లు బయలుదేరింది. రెండుసార్లూ నేనే ఆపాను. ఇప్పుడు పోతే బిడ్డ కుదురుకోదని, అది బిడ్డకే చెరుపని దూడ మాట చెప్పాను. ఊళ్లో పెద్దవాళ్ల చేత చెప్పించాను. కన్నతల్లి మంచి కోరేదైతే ఒక ఏడాది ఓర్చుకోవాలన్నారు. ఆమె ఓర్చుకుంది. ఆ ఓర్పునే తర్వాత రాయిగుండె అన్నారు.

నేను అప్పుడప్పుడు అనంతపురం పోయి ఎస్‌టీడీ బూతు నుంచి ఫోను చేసేవాణ్ణి. "తింటాండాదా?" అంటే, "తింటాండాది." "ఏడుస్తాండాదా?" అంటే, "ఏడుపు మానేసింది." ఒకసారి అక్క తనంతట తానే చెప్పింది: "ఒకటేరా దీనితో. మిషన్లు ఎంత మోత పెట్టినా నిద్ర లేయదు. కరెంటు పోయి మిషన్లు నిలబడితే సాలు, దిగ్గున లేసి వాకిట్లోకి పరుగెత్తుతాది. ఆ ప్యాంటు గుడ్డల మీదనే పడుకుంటానంటాది, చెప్పులేసుకొని. తీస్తే ఊరుకోదు." నేను నవ్వాను. ఇంటికి వచ్చి, "బాగుండాదంట" అని చెప్పాను.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఆ ఏడాదిలో మూడుసార్లు నేను అనంతపురంలో రాయదుర్గం బస్సు ఎక్కాను. మూడుసార్లూ కళ్యాణదుర్గంలో దిగాను. అక్కడ ఒక టీ తాగి, ఎదురు బస్సుకు తిరిగి వచ్చాను. ఎందుకు దిగానో నాకు అర్థమయ్యేది కాదు. పోతే ఆ బిడ్డ పరుగెత్తుకొస్తుందేమో అని ఒక భయం. పరుగెత్తుకు రాదేమో అని ఇంకో భయం. ఇల్లు చేరాక ఆ సంగతి చెప్పుకోవడానికి మనిషి లేడు. నా భార్య ఉంది గాని నేనే ఆమెకు చెప్పలేని పని చేసి ఉన్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో మాటలు పని మీదనే నడిచాయి. గడ్డి వేశావా, కొడవలి యాడ, పిల్లోడు బడికి పోయినాడా. సాయంత్రం అరుగు మీద నేనొక మూల, ఆమె ఇంకో మూల. మధ్యలో కొడుకు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేవాడు.

ఏడాది దాటాక ఇద్దరం పోయాం. మా బిడ్డ వాకిట్లోనే ఉంది. పొడుగైంది. వాళ్లమ్మ చేతులు చాపింది. పిల్ల ఒక్క క్షణం నిలబడి, లోపలికి పోయి, రెండు లోటాలతో నీళ్లు తెచ్చి, తల్లి ముందు పెట్టి, "నీరు కుడీరి" అంది. నీళ్లు తాగండి అని, కన్నడంలో, ప్యాంట్లు కొనడానికి కర్ణాటక నుంచి వచ్చే బేరగాళ్లతో అనే మర్యాదతో. మా అక్క మురిసిపోయింది. "సూసినావా ఎంత పద్ధతో!" అంది. నా భార్య ఆ నీళ్లన్నీ తాగింది. మా అక్కను ఆ పిల్ల 'అమ్మా' అని పిలుస్తుండగా విన్నది. తిరుగు బస్సులో అనంతపురం దాకా కిటికీ వైపే ముఖం పెట్టుకుని కూర్చుంది.

మా అక్కను తప్పుబట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె నా బిడ్డను కొట్టలేదు, మాడ్చలేదు. ఆమెకు నేను చెప్పిందే నిజం. బిడ్డ అడిగినప్పుడల్లా దానికి కరువు కారణం తనే కలిపి చెప్పింది: "మీ యమ్మకు ఇద్దర్ని సాకను సేతగాకనే నిన్ను నాకిచ్చినాది." మూడేళ్లకు నమ్మకం ఫలించి అక్కకు కొడుకు పుట్టాడు. ఆ తర్వాత ఏడాది నేను ఫోను చేస్తే ఆమే అంది. "తమ్ముడూ, నీ బిడ్డను తోడుకపో. అది ఎప్పుడూ వాకిలికే సూస్తా కూర్చుంటాది. నేనేం పెట్టినా సరే అంటాది, ఏం చెప్పినా సరే అంటాది, దగ్గరికి మాత్రం రాదు. పరాయి బిడ్డను కట్టేసినట్టుండాది నాకు."

అట్లా ఎనిమిదేళ్ల వయసులో తిరిగి వచ్చింది. ఇచ్చేటప్పుడు అడగలేదు, తెచ్చేటప్పుడూ అడగలేదు.

వచ్చిన రెండో దినం పొద్దున నేను చేను చదును చేసే గుంటకకు తాడు బిగిస్తున్నాను. పక్కకొచ్చి గొంతుక్కూర్చుంది. చాలాసేపు తాడు వైపు చూసి, "నాయనా, నన్ను ఆడికి పంపిచ్చింది అమ్మేనా?" అంది.

తల్లి పదడుగుల దూరంలో పేడ కలుపుతోంది. ఆమె చేయి ఆగింది. నేను జవాబు చెబుతానని చూసింది. నేను తాడు ముడి పళ్లతో పట్టి లాగాను. నోట్లో తాడు ఉంది గనుక మాట్లాడలేదన్నట్టు ఉండిపోయాను. బిడ్డ కొంచెంసేపు కూర్చుని లేచిపోయింది. జవాబు దొరికిందనుకుంది.

ఆ రోజు నుంచి తల్లిని ఆమె ఏ పిలుపుతోనూ పిలవలేదు. దగ్గరికొచ్చి నిలబడి, "ఉప్పు అయిపోయింది" అనేది. "బడికి పోతాండా" అనేది. ఎవరితో అంటోందో ముఖం చూసి తెలుసుకోవాలి.

పిల్ల గురించి ఊళ్లో అందరూ మెచ్చుకునేవాళ్లు. గొడవ లేదు, అలగదు, ఇది కావాలని అడగదు. తిరణాలలో గాజుల అంగడి ముందు నిలబెట్టి, "ఏవి కావల్ల?" అంటే, "యావైనా సరే నాయనా" అనేది. ఆ వయసు పిల్లలు నేల మీద పడి దొర్లి ఏడుస్తుంటే ఈమె గమ్మున నిలబడేది. నేను గర్వపడ్డాను. సొంత ఇంట్లో నీళ్లు తాగడానికి, "తాగనా?" అని అడిగేది. ఆ మాట నాకు మర్యాదగా వినిపించింది. పన్నెండేళ్లు వచ్చేదాకా పక్క తడిపేది. తెల్లారకముందే లేచి తానే బొంత ఉతుక్కోవడానికి తీసుకుపోయేది. తల్లి ఇంకా ముందు లేచి, మాట్లాడకుండా దాన్ని చేతుల్లోంచి తీసుకునేది. పుస్తకాల సంచి అడుగున రొట్టె ముక్కలు, బెల్లం దాచిపెట్టేది. చీమలు పట్టేవి. ఒకరోజు నా భార్య ఆ సంచి విదిలించి, చీమలు పోయాక, పాత రొట్టె తీసేసి కొత్త రొట్టె గుడ్డలో చుట్టి అదే చోట పెట్టడం చూశాను. నేను తిట్టేవాణ్ణేమో. ఆమెకు ఆ రొట్టె అక్కడ ఎందుకుందో తెలుసు.

కరెంటు పోయిందంటే చాలు, ఫ్యాను ఆగీ ఆగకముందే బిడ్డ లేచి గదులన్నీ తిరిగి వచ్చేది. నాయన ఉన్నాడు, అన్న ఉన్నాడు, ఈమె ఉంది. చూసుకుని వచ్చి కూర్చునేది. ఆ రోజుల్లో కరెంటు దినానికి పదిసార్లు పోయేది. పదిసార్లూ లేచేది. "చీకటంటే భయమేమే?" అని నేను ఎగతాళి చేశాను. మిట్టమధ్యాహ్నం చీకటి ఎక్కడిది? నాకు ఆ పని అర్థమైంది. అర్థమైనట్టు ఒప్పుకోలేదు.

తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ల టీచరమ్మ పిలిపించింది. మా దిక్కు మనిషే, మాట కుండబద్దలు కొట్టినట్టే.

"ఏమప్పా, మీ బిడ్డ ఎప్పుడన్నా ఎవరితోనన్నా కొట్లాడిందా?"

"లేదు మేడం. బంగారు."

"అదే నా దిగులు. నా చేతిలో సుద్దముక్క కింద పడితే అది 'తప్పయిపాయ మేడం' అంటాది. నా సుద్దముక్క పడితే దానిదేమి తప్పు? తెలివి ఉండాది, లెక్కలు చేస్తాది. తలుపు పక్కన కూర్చోబెడితేనే చేస్తాది. లోపల కూర్చోబెడితే పాఠం ఎక్కదు. చిన్నప్పుడు ఏమన్నా అయిందా?"

"ఏమీ లేదు మేడం."

ఆమె నమ్మలేదు. "నాలుగైదేండ్ల బిడ్డలు అన్నీ మర్చిపోతారని మనోళ్లు అనుకుంటారప్పా. మాటల్లో చెప్పుకునేదానికి గుర్తుండకపోవచ్చు. భయం మాత్రం ఉండిపోతాది. అది ఎందుకు భయపడతాండాదో దానికే తెలీదు. అందుకే ఎవర్నీ నొప్పించకుండా, ఎవర్నీ ఏమీ అడక్కుండా ఉండాది, మళ్లీ ఏమన్నా జరుగుతాదని. నీ బిడ్డ మంచితనం నాకు మంచిగా కనపళ్లేదు. తెలిసినోళ్లెవరన్నా ఉంటే దాన్ని కూర్చోబెట్టి చెప్పల్ల."

తెలిసినవాణ్ణి నేనే. సైకిలు తొక్కుకుంటూ ఊరి దాకా వచ్చి, ఇంటికి పోలేక చేనికి పోయాను. దున్నిన భూమి, వాన లేదు, ఒక్క మనిషి లేడు. గట్టు మీద కూర్చుని బిడ్డకు ఏమి చెప్పాలో నాలో నేనే పైకి అనుకున్నాను. చాలా బాగా చెప్పాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాను. ఇంకో ఏడాది గడిచింది.

పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఇంటర్‌కు అనంతపురంలో హాస్టలుతో కలిసిన కాలేజీలో సీటు వచ్చింది. జూన్ నెల, విత్తనం సమయం. విత్తనానికి శెనక్కాయలు చేత్తోనే ఒలవాలి, మిషన్‌లో వేస్తే పప్పు పగిలి మొలకెత్తదు. వాకిట్లో కుప్ప పోసుకుని ముగ్గురం ఒలుస్తున్నాం. కొడుకు అప్పటికి పాలిటెక్నిక్‌లో చేరి వేరే ఊళ్లో ఉన్నాడు. మర్నాడు పొద్దున బిడ్డను హాస్టల్లో దించాలి. పెట్టె సర్ది గోడకు ఆనించి ఉంది.

"నాయనా," అంది, చేతిలో కాయ నొక్కుతూ. "సెలవులు ఇస్తే నేను యాడికి పోవల్ల?"

"అంటే?"

"ఈడికా? అత్తవాళ్లింటికా?"

"ఈడికి గాక యాడికే? ఇదేం అడగడం?"

"ఏం లేదు. ముందే చెప్తే అట్లనే చేస్తా. రెండూ నాకు సరే."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఏ బస్సు ఎక్కాలో కండక్టరును అడిగినట్టు అడిగింది. నా భార్య ఒడిలోని పప్పు చాటలోకి వంచి, లేచి, గొడ్ల పాకలోకి పోయింది. నేను వెనకే పోయాను. ఆమె ఆవు ముట్టె దగ్గర నిలబడి ఉంది. పదేళ్లుగా పని మాట తప్ప మాట్లాడని మనిషి నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఇన్నేండ్లు నువ్వు యాల చెప్పల్యా?" అన్నాను. అడగకూడని మాట. అయినా తెలుసుకోవాలనిపించింది.

"చెప్తే ఏమయితాది? తల్లి ఎట్లా లేకపాయ దానికి. తండ్రి గూడా పోతాడు. ఒకరన్నా ఉండనీలే అనుకుంటి. దానికి నువ్వన్నా మిగిలితే సాలనుకుంటి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనేమో ఓర్చుకుంటి. అది ఓర్చుకోను ఎందుకు? రేపు పోతాది. ఈ పొద్దు నువ్వు నోరు తెరవకపోతే అది మళ్లీ ఈ ఇంటికి చుట్టం మాదిరే వస్తాది, చుట్టం మాదిరే పోతాది. పెండ్లయినా అంతే, సచ్చేదాకా అంతే. నీ బిడ్డ యాడ దిగల్లో నువ్వే చెప్పు పో."

నేను తిరిగి వచ్చి కుప్ప దగ్గర కూర్చున్నాను. ఒక పిడికెడు కాయలు తీసుకున్నాను, కింద పోశాను. చేని గట్టు మీద అంత బాగా చెప్పిన మాటల్లో ఒక్కటీ రాలేదు. మొదలు నుంచి జరిగింది జరిగినట్టు చెప్పాను. అక్క అడిగింది, నేను వాళ్లమ్మను అడగనిది, రెండు చోట్లా ఆడిన అబద్ధాలు. పదకొండో దినం మూట కట్టుకున్న తల్లికి నిజం చెప్పింది, తర్వాత రెండుసార్లు ఆమెను నేను ఆపింది. కరెంటు పోయింది, వీధి మలుపు, కాలే రోడ్డు, బస్సు. బస్సు సంగతి దగ్గరికి వచ్చినప్పుడు వెనక పాక తడిక దగ్గర నా భార్య నిలబడి ఉందని నాకు తెలుసు. ఆపలేదు. ఆమె కూడా అది మొదటిసారి వింటోంది.

బిడ్డ ఒలవడం మానలేదు. ఒక్కొక్క కాయ నొక్కి పప్పు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు వేస్తూనే విన్నది. 

"మరి నేను బస్సులో నీ పంచె మీద కక్కుకుంటిని కదా," అంది. "దానికి కాదా?"

"ఎప్పుడు?"

"ఆ పొద్దే. పోయేటప్పుడు. తెల్ల పంచె. నువ్వు 'థూ, ఏం పిల్లమే' అంటివి. కళ్యాణదుర్గంలో కొళాయి దగ్గర కడుక్కుంటివి. దానికే ఇడిసిపెట్టినావు అనుకుంటి." కొంచెం ఆగింది. "తరువాత ఎప్పుడూ బస్సులో కక్కలేదు నేను. రాయదుర్గం నుంచి తెచ్చినప్పుడు గూడా. వస్తే మింగుకుంటి."

నాకు ఆ సంగతి గుర్తు లేదు. ఈ రోజుకీ ఎంత వెతికినా గుర్తు రాదు. ఊర్ల పేర్లు అడగడం గుర్తుంది, చెప్పులు కొనడం గుర్తుంది. పంచె, కక్కు, కొళాయి, ఏవీ లేవు. నేను అని మరిచిపోయిన ఒక విసుగు మాట. ఆ మాటను తన నేరంగా మోసుకుని, పదకొండేళ్లు ఎవరి ముందూ ఏ తప్పూ జరగకుండా ఒళ్లు బిగబట్టి బతికింది. అందరూ మెచ్చుకున్న ఆ మంచితనమంతా ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

తడిక దగ్గర నుంచి నా భార్య వచ్చి, కూతురికి ఒక జానెడు దూరంలో కూర్చుంది. ముట్టుకోలేదు. ముట్టుకునే హక్కు ఉందో లేదో తెలియనట్టు చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరూ నా వైపు చూశారు. మా ఇంట్లో మగవాళ్లు బిడ్డల ముందు తప్పు ఒప్పుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. మా నాయన నాతో అనలేదు, వాళ్ల నాయన ఆయనతో అని ఉండడు. ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలో కూడా నాకు ఎవరూ నేర్పలేదు. బిడ్డ చేతిలో కాయ తీసి పక్కన పెట్టి, ఆ చేయి పట్టుకున్నాను.

"నువ్వు కక్కినందుకు కాదు పాపా. బిడ్డలు కక్కుతారు. నువ్వేం తప్పు సేయల్యా, ఆ పొద్దూ సేయల్యా, ఏ పొద్దూ సేయల్యా. మీ యమ్మ నిన్ను ఇయ్యల్యా. పది దినాలని చెప్పి మోసం చేసింది నేను. నువ్వు పిలుస్తాంటే నాకు ఇనపడింది. ఇనపడినా గూడా బస్సు ఎనక్కి పోయినాను. రావల్సినోణ్ణి రాలేదు. నువ్వు గుంటక తాడు దగ్గర కూర్చొని అడిగితివి కదా, ఆ పొద్దన్నా చెప్పల్సింది, చెప్పల్యా. మీ యమ్మ మీద పడే నింద నా మీద పడకూడదని ఊరుకుంటి. నీకు, మీ యమ్మకు, ఇద్దరికీ చెప్తాండా. తప్పయిపాయ తల్లీ. నాది తప్పయిపాయ."